పాత పికప్ సీటు: కవరు వేయాలా, కుషన్ కట్టించాలా, వేరే సీటు కొనాలా?

మా టాటా 207 సీటు మీద ఇప్పటికి మూడుసార్లు డబ్బు పెట్టాం. మొదటిసారి రెడీమేడ్ కవరు తొడిగించాం, నాలుగు నెలలకు చిరిగింది. రెండోసారి రెగ్జిన్ మార్పించాం, ఆరు నెలలు తిరక్కుండానే కూర్చునే చోట గుంట పడింది. మూడోసారి సీటు మొత్తం ఊడదీసి, ఇనుము దగ్గర్నుంచి చేయించాం. అది చేయించి మూడేళ్లు దాటింది. మా నాయన ఇప్పటికీ తెల్లారుజామున మూడింటికి ఐసు లోడుతో బయల్దేరి, ఇందుకూరుపేట వైపు రొయ్యల చెరువులన్నీ తిరిగి, ఎండ ముదరకముందే ఇంటికొస్తాడు. బండి దిగి తలుపు పట్టుకుని, నడుము సాగేదాకా వంగి నిలబడే అలవాటు మాత్రం పోయింది.

ఈ మూడేళ్లలో మా బావ బొలెరో పికప్ సీటు కూడా దగ్గరుండి చేయించాను. ఆయనది పొదిలి. సీజన్‌లో పొగాకు బేళ్లు, మిగతా రోజుల్లో ఏది దొరికితే అది తోలతాడు. ఒకే పని, రెండు బండ్లు. కానీ ఆయనకు నేను చెప్పింది వేరు, మాకు మేం చేయించుకున్నది వేరు. తడిలో తిరిగే బండికీ దుమ్ములో తిరిగే బండికీ ఒకే సీటు సరిపోదు. అందుకే ఏది ఎవరికి నప్పుతుందో విడమరిచి రాస్తున్నా.

అందరం చేసే పొరపాటు ఒకటుంది. షాపుకు వెళ్లగానే రెగ్జిన్ ముక్కల పుస్తకం తిరగేసి రంగు చూసుకుంటాం. రంగు చివర చూసుకోవాల్సిన సంగతి. సీటుకు అడుగున ఫ్రేము, దాని మీద స్ప్రింగులు, వాటి మీద స్పాంజి, అన్నిటికన్నా పైన గుడ్డ. ఆ వరసలోనే చూసుకుంటూ పైకి రావాలి. కింద ఉన్నది బాగాలేకుండా పైది మారిస్తే ఆ డబ్బు నిలవదు.

విప్పి చూడకుండా బేరం వద్దు

చాలా పాత పికప్‌లలో డ్రైవర్ సీటు విడిగా ఉంటుంది, పక్కన ఇద్దరు కూర్చునే బెంచి ఉంటుంది. రెండూ ఫ్లోరుకు బోల్టులతో బిగించి ఉంటాయి. 13 స్పానర్, 17 స్పానర్ ఉంటే సాధారణంగా పని జరిగిపోతుంది. పాత బండి కాబట్టి బోల్టులు తుప్పుతో కరుచుకుని ఉంటాయి. ముందురోజు రాత్రే వాటికి తుప్పు వదిలించే స్ప్రే కొట్టి, పొద్దున మళ్లీ ఒకసారి కొట్టి, అప్పుడు తిప్పండి. తొందరపడి బలం చూపిస్తే బోల్టు తల తెగుతుంది. ఆ తర్వాత ఫ్లోరు కింద నట్టును తీయించడం సీటు పనికన్నా పెద్ద పని.

మేం మూడోసారి విప్పినప్పుడు చూసింది చెప్తా. పైన చిరిగిన కవరు. దాని కింద నాయన మడిచి వేసుకున్న తుండుగుడ్డ. దాని కింద రెగ్జిన్. రెగ్జిన్ కోస్తే లోపల స్పాంజి ముదురు పసుపు రంగులోకి తిరిగి, చేత్తో నలిపితే శనగపిండిలా రాలింది. స్పాంజి స్ప్రింగులకు తగిలి కోసుకుపోకుండా మధ్యలో వేసే గోనెపట్ట కుళ్లి పీచుపీచయింది. స్ప్రింగుల్లో రెండు, కొక్కెం దగ్గర తెగిపోయాయి. అందులో ఒకదాని మొన పైకి లేచి స్పాంజిలోకి దిగి ఉంది. "ఏందో గుచ్చుకుంటా ఉంది రా" అని నాయన ఏడాదిగా అంటున్నది దాన్నే. మేమేమో రెగ్జిన్ ముడత అనుకున్నాం. వెనక కుడి మూల ఫ్రేము పైపును స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే, మొన లోపలికి దిగిపోయింది.

తుప్పు అంతగా తినేయడానికి కారణం మా పనే. చెరువు గట్టు మీద ఐసు దించి, తడిసిన లుంగీతో వచ్చి సీట్లో కూర్చుంటారు. ఆ నీళ్లలో ఉప్పు ఉంటుంది. రెగ్జిన్ కుట్లలోంచి లోపలికి దిగిన ఉప్పునీళ్లు స్పాంజి పీల్చుకుని పట్టుకుంటుంది. పైన ఆరినట్టు కనిపించినా అడుగున తడి ఆరదు. ఇంకో దారి కూడా ఉంది, అది చాలామంది చూసుకోరు. ముందు అద్దం చుట్టూ ఉండే రబ్బరు ఎండి పగిలితే, వాన నీళ్లు డాష్‌బోర్డు వెనకనుంచి ఫ్లోరు మీదికి దిగుతాయి. నెల్లూరులో వానలు ఎక్కువగా అక్టోబరు, నవంబరు, డిసెంబరుల్లోనే. ఆ మూడు నెలలు ఫ్లోరు మ్యాట్ కింద తడి ఉంటే సీటు కాళ్లు, బోల్టులు అక్కడే తుప్పు పడతాయి. సీటు కట్టించే ముందు బకెట్టుతో అద్దం మీద నీళ్లు పోసి, లోపల ఎక్కడ కారుతుందో చూసుకోండి. ఆ రబ్బరు మార్చకుండా కొత్త సీటు పెట్టడం వద్దే వద్దు.

ఫ్రేము పరీక్ష తేలిక. స్పానర్‌తో పైపు పొడవునా మెల్లగా తట్టుకుంటూ వెళ్లండి. గట్టి ఇనుము ఖంగుమంటుంది. తుప్పు తిన్న చోట మొద్దు శబ్దం వస్తుంది. అక్కడ స్క్రూడ్రైవర్ మొనతో గట్టిగా గీరండి. పొరలు పొరలుగా లేస్తే ఆ ముక్క కోసి కొత్త పైపు వెల్డింగ్ పెట్టించాలి. ఒకటి రెండు చోట్లయితే పెట్టించండి. బోల్టు పట్టే కాళ్లు నాలుగూ పోయుంటే, లేక సీటు జరిపే పట్టాలు విరిగి సీటు ముందుకూ వెనక్కూ ఊగుతుంటే, అప్పుడు వేరే సీటు సంగతి ఆలోచించండి. ఇంకే కారణంతోనూ పాత ఫ్రేమును పారేయకండి. ఆ బండికి కంపెనీ కొలిచి చేసిన ఫ్రేము అది. స్టీరింగుకు ఎంత దూరం, క్లచ్‌కు కాలు ఎంత చాచాలి అన్నది దాని ఎత్తు మీదే ఆధారపడి ఉంటుంది.

వెల్డింగ్ పని సీటు బయటికి తీసి, స్పాంజి, గుడ్డ పూర్తిగా విప్పేశాకే చేయించాలి. బండిలో ఉంచి "రెండు నిమిషాల పనే అన్నా" అన్నా ఒప్పుకోకండి. స్పాంజి నిప్పు అంటుకుంటే క్షణాల్లో మండుతుంది, దాని పొగ ప్రాణం తీసేంత విషం. వెల్డింగ్ అయ్యాక తుప్పంతా గీకించి, తుప్పు ఆపే రెడాక్సైడ్ రంగు రెండు కోట్లు, దాని మీద నల్ల ఎనామిల్ వేయించండి. పైపు చివర్లు తెరిచి ఉంటే మూయించండి, నీళ్లు లోపల చేరేది అక్కడినుంచే.

రెడీమేడ్ కవరు

ఫ్రేము, స్ప్రింగు, స్పాంజి మూడూ బాగుండి, రెగ్జిన్ మాత్రం మాసిపోయిన బండికి ఇది సరిపోతుంది. లేదా ఏడాదిలో అమ్మేసే బండికి. అంతకుమించి దీని మీద ఆశ పెట్టుకోవద్దు. పికప్ డ్రైవర్ రోజుకు నలభై యాభైసార్లు ఎక్కి దిగుతాడు. ఎక్కిన ప్రతిసారీ తలుపు వైపు అంచు మీద ఒరుసుకుంటాడు. రెడీమేడ్ కవరు కట్లతో నిలిచేది కాబట్టి ఆ ఒరిపిడికి పక్కకు జారుతుంది, జారినచోట కుట్టు తెగుతుంది. మాకు తెగింది సరిగ్గా ఆ అంచులోనే. పైగా తడి బండిలో కవరుకూ రెగ్జిన్‌కూ మధ్య నీళ్లు నిలిచి వాసన పడుతుంది.

రెగ్జిన్ ఒక్కటే మార్చడం

స్పాంజిని ఇంకా నమ్మొచ్చా లేదా అన్నదే ఇక్కడ ప్రశ్న. పిడికిలితో సీటు మధ్యలో గట్టిగా అదిమి పట్టుకుని వదలండి. వెంటనే పైకి లేస్తే ప్రాణం ఉన్నట్టు. గుంట మెల్లగా పూడుతుంటే, లేక అదిమినప్పుడు స్ప్రింగు చేతికి తగులుతుంటే, ఆ స్పాంజి పని అయిపోయింది. అలాంటి దాని మీద కొత్త రెగ్జిన్ బిగించి కుట్టినా మొదటి నెల బాగానే కనిపిస్తుంది. తర్వాత స్పాంజి కుంగుతుంది, రెగ్జిన్ వదులై ముడత పడుతుంది, ముడత పడిన చోటే పగులుతుంది. మా రెండో ఖర్చు అలాగే పోయింది. ఆ మేస్త్రిని అప్పుడు తిట్టుకున్నాం కానీ, స్పాంజి వద్దు రెగ్జిన్ చాలు అన్నది మేమే.

ఫ్రేము ఉంచి మొత్తం కుషన్ కట్టించడం

నా సలహా ఎక్కువమందికి ఇదే. స్పాంజి గురించి కాస్త వివరంగా రాస్తాను. డబ్బు మిగిలేదీ పోయేదీ అక్కడే.

షాపులో స్పాంజిని డెన్సిటీ చెప్పి అమ్ముతారు. 23, 28, 32, 40 అంటారు. ఒక ఘనపు మీటరు స్పాంజి ఎన్ని కిలోలు తూగుతుందో ఆ అంకె చెప్తుంది. 40 డెన్సిటీ అంటే ఘనపు మీటరుకు 40 కిలోలు. అంకె పెరిగితే లోపల సరుకు ఎక్కువ, కాబట్టి ఎక్కువకాలం కుంగకుండా ఉంటుంది. అది మెత్తనిదా గట్టిదా అన్నది వేరే సంగతి. 40 లోనే మెత్తనిదీ ఉంటుంది, గట్టిదీ ఉంటుంది. చేత్తో నొక్కి "గట్టిగానే ఉందిలే" అని కొంటే మోసపోతారు, తక్కువ డెన్సిటీ స్పాంజిని కూడా గట్టిగా ఉండేలా తయారు చేస్తారు.

అందుకు ఒక మంచి ఉపాయం కాటా. ఆరడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు, నాలుగంగుళాల మందం షీటు నిజంగా 40 డెన్సిటీ అయితే ఆరు కిలోల ఎనిమిది వందల గ్రాముల దగ్గర తూగాలి. 32 అయితే అయిదున్నర కిలోలకు కాస్త తక్కువ. 23 అయితే నాలుగు కిలోలు కూడా రాదు. మూడో పనికి స్పాంజి కొన్నప్పుడు పక్కన కూరగాయల కొట్లో కాటా మీద నిలబెట్టి తూచాం. 40 అని ఇచ్చినది అయిదు కిలోల మూడు వందలు వచ్చింది. షాపాయన మాట మాట్లాడకుండా లోపలికెళ్లి వేరే షీటు తెచ్చాడు. అది సరిగ్గా తూగింది.

కూర్చునే భాగానికి 40, వీపు ఆనే భాగానికి 32 చాలు. మొత్తం ఒకే స్పాంజి వేయకుండా పొరలు వేయించండి. అడుగున ఒక అంగుళం రీబాండెడ్ వేస్తారు. స్పాంజి తుక్కును అతికించి అదిమి చేసిన రంగురంగుల షీటు అది, బరువుగా, గట్టిగా ఉంటుంది. దాన్ని వేయడం వల్ల స్ప్రింగుల అచ్చు పైకి తెలియదు. దాని మీద మూడంగుళాల 40. అన్నిటికన్నా పైన అర అంగుళం మెత్తటి స్పాంజి. మొత్తం రీబాండెడే వేసుకుంటే రాయిలా ఉంటుంది, గతుకుల దెబ్బ నేరుగా వెన్నుకు తగులుతుంది. కొందరు తెగిన స్ప్రింగులు మార్చే బదులు వాటి మీద ప్లైవుడ్ పలక పరిచేస్తారు. వీపు వైపు అయితే ఫరవాలేదు. కూర్చునే వైపు మాత్రం ఒప్పుకోకండి. స్ప్రింగు ఉన్నదే గతుకు దెబ్బ మింగడానికి. పాత బండి కమాను పట్టీలు ఎలాగూ బిర్రుగా ఉంటాయి, ఖాళీ బండి చెరువు గట్ల మీద ఎగిరెగిరి పడుతుంది. మధ్యలో ఉన్న ఆ కాస్త స్ప్రింగును కూడా పలకతో మూసేస్తే ఇంకేం మిగిలింది? తెగిన స్ప్రింగులు విడిగా దొరుకుతాయి. తీసినదాన్ని చేతిలో పెట్టుకుని అదే పొడవు, అదే మందం అడగండి.

ఎత్తు సంగతి అన్నిటికన్నా ముఖ్యం. కుంగిపోయిన సీటుకు అలవాటు పడ్డ మనిషికి కొత్త సీటు రెండంగుళాలు లేచిందంటే క్లచ్ తొక్కేటప్పుడు మడమ ఫ్లోరుకు ఆనదు, స్టీరింగు తొడలకు తగులుతుంది. మాకు కుట్టిన భాయ్ ఈ విషయంలో చాలా జాగ్రత్తగా ఉన్నాడు. బండి దగ్గరికి రాగానే రంగు గురించి మాట్లాడలేదు. "బండి ఎవరు తోలతారన్నా? ఆయన్ని తీసుకురా" అన్నాడు. నాయనది అయిదడుగుల నాలుగంగుళాలు. గుడ్డ కుట్టకముందే, వట్టి స్పాంజిని ఫ్రేము మీద పెట్టి, సీటును రెండు బోల్టులతో బిగించి, నాయన్ని కూర్చోబెట్టాడు. క్లచ్ తొక్కమన్నాడు, బ్రేకు తొక్కమన్నాడు, తల తిప్పి వెనక చూడమన్నాడు. తర్వాత సుద్దముక్కతో తొడల కింద ఒక గీత గీసి, ముందు అంచులో ముప్పావు అంగుళం స్పాంజి ఏటవాలుగా కోసేశాడు. మళ్లీ కూర్చున్నాక నాయన "ఇప్పుడు కాలు పడింది" అన్నాడు. అంతే, అప్పుడే కత్తెర గుడ్డ మీదికి వెళ్లింది. మీ మేస్త్రి ఎవరైనా సరే, వట్టి స్పాంజి మీద కూర్చుని చూడకుండా గుడ్డ కోయనివ్వకండి. గుడ్డ కుట్టాక ఎత్తు తగ్గించమంటే ఎవరూ మనసుపెట్టి చేయరు.

బెంచి వైపు అంత సూక్ష్మం అక్కర్లేదు. 32 డెన్సిటీ సరిపోతుంది. మధ్యలో కూర్చునేవాళ్ల మోకాలు గేరు రాడ్‌కు తగలకుండా ముందు అంచు కాస్త తగ్గించి కోయిస్తే చాలు.

గోనెపట్ట గురించి కూడా ఒక మాట. పొడి బండికి గోనెపట్ట రెండు మడతలు వేస్తే మంచిదే. ఉప్పునీళ్ల బండికి అది ఏడాదిన్నరకే కుళ్లిపోతుంది. మాకు మందపాటి కాన్వాసు వేయించాం. రొయ్యల మేత సంచులు ఊరికే దొరుకుతాయి కదా అని కొందరు అవి వేస్తారు. కుళ్లవు, నిజమే, కానీ స్ప్రింగుకు రాసుకుని కిరకిరమంటాయి.

పైన ఏ గుడ్డ?

రెగ్జిన్ అంటే నేత గుడ్డ మీద ప్లాస్టిక్ పూత. ఆ ప్లాస్టిక్‌ను మెత్తగా ఉంచడానికి నూనెలాంటి పదార్థం కలుపుతారు. ఎండకు అది మెల్లమెల్లగా బయటికి పోతుంది. పోయేకొద్దీ రెగ్జిన్ గట్టిపడి, చివరికి అప్పడంలా పగులుతుంది. రోహిణి కార్తెలో అద్దాలు మూసి ఎండలో పెట్టిన క్యాబిన్‌లో చేయి పెట్టి చూస్తే ఎందుకు పగులుతుందో అర్థమవుతుంది. చవక రెగ్జిన్‌లో పూత పలచన, వెనక గుడ్డ పలచన. ముక్కను మూలకు లాగి చూడండి, వెనక నేత విచ్చుకుంటే వద్దనండి. షాపుల్లో ఆర్ట్ లెదర్ అని అమ్మేది దీనికన్నా మందంగా, మెత్తగా ఉంటుంది. ధర ఎక్కువైనా డ్రైవర్ సీటుకైనా అది వేయించుకోవడం మంచిది.

మా తడి బండికి రెగ్జిన్ జాతి తప్ప వేరే దారి లేదు. చేపలు, రొయ్యలు, ఐసు, పాలు తోలే ఎవరికైనా అంతే. రాత్రికి తడిగుడ్డతో తుడిస్తే వాసన ఉండదు. కూర్చునే చోట కుట్లు తక్కువ ఉండేలా డిజైన్ చెప్పండి. గళ్లు గళ్లుగా కుట్టిన డైమండ్ డిజైన్ చూడ్డానికి బాగుంటుంది, కానీ ప్రతి కుట్టూ సూది చేసిన రంధ్రాల వరసే, నీళ్లు దిగేది అక్కడే. మేం కూర్చునే భాగం మొత్తం ఒకే ముక్కతో వేయించి, కుట్లన్నీ పక్కలకు తెచ్చాం. చెమటకు మాత్రం ఇబ్బందే. అందుకు నాయన చెక్క పూసల సీటు వేసుకుంటాడు. గాలి ఆడుతుంది, తడిస్తే దులిపి ఎండలో వేస్తే చాలు.

బావకు మాత్రం మధ్యలో గుడ్డ, పక్కల రెగ్జిన్ చెప్పాను. పొదిలి, కనిగిరి, మార్కాపురం వైపు తడి తక్కువ, ఎండ ఎక్కువ. మధ్యాహ్నం రెండింటికి నున్నటి రెగ్జిన్ మీద చొక్కా తీసి కూర్చుంటే చర్మం అతుక్కుపోతుంది. మందపాటి సీటు గుడ్డ అయితే చెమట పీల్చుకుంటుంది, వేడి కూడా తక్కువ పట్టుకుంటుంది. ఒరుసుకునే అంచుల్లో రెగ్జిన్ ఉంటుంది కాబట్టి చిరగదు. గుడ్డతో కష్టం దుమ్ము. చీమకుర్తి రోడ్డులో గ్రానైట్ లారీల వెనక ఒక్కరోజు తిరిగితే సీటు మీద చేత్తో కొడితే మబ్బు లేస్తుంది. వారానికోసారి కర్రతో దులుపుకునే ఓపిక ఉంటేనే గుడ్డ వేయించుకోండి. మా అక్క ఆ మాట విని, "దులిపేది నేనే గదా" అని, తీసి ఉతుక్కునే కాటన్ పై కవరు ఒకటి ఇంట్లోనే కుట్టింది. చాలా బాగా పనికొస్తోంది.

దారం గురించి ఎవరూ అడగరు. అడగండి. నూలు దారం తడికి పుచ్చిపోతుంది. నైలాన్ బలమైనదే, కానీ ఎండ తగిలితే త్వరగా బలహీనపడుతుంది. ఎండకు పాలిస్టర్ దారం ఎక్కువకాలం తట్టుకుంటుంది. మందపాటి పాలిస్టర్ దారంతో రెండు వరసల కుట్టు అని ముందే చెప్పుకోండి.

సెకండ్ హ్యాండ్ సీటు

ఫ్రేము బాగుచేయలేని స్థితిలో ఉంటే ఇదే దారి. మన నెల్లూరు వాళ్లకు పాత సామాన్లంటే చెన్నై పుదుపేట గుర్తొస్తుంది, ఒంగోలు వాళ్లకు విజయవాడ ఆటోనగర్. రెండుచోట్లా సరుకు దొరుకుతుంది. వెళ్లేముందు మీ సీటు నాలుగు బోల్టు రంధ్రాల మధ్య దూరాలు, ఫ్లోరునుంచి సీటు ఎత్తు, రెండు తలుపుల మధ్య వెడల్పు రాసుకుని, ఫోటోలు తీసుకుని వెళ్లండి. "అదే మోడలన్నా, కూర్చుంటది" అన్న మాట నమ్మి తెస్తే, ఒక్క రంధ్రం కలవకపోయినా మళ్లీ వెల్డింగ్ ఖర్చు.

వరదలో మునిగిన బండ్ల సీట్లతో జాగ్రత్త. 2015 డిసెంబరులో చెన్నైలో, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు విజయవాడలో ఎన్నో బండ్లు నీళ్లలో మునిగాయి. అలాంటి బండినుంచి తీసిన సీటును పైన కడిగి పెడితే కొత్తదానిలా ఉంటుంది. సీటు తలకిందులు చేసి, గుడ్డ ఫ్రేముకు పట్టిన అంచు పక్కకు లాగి చూడండి. సన్నటి ఒండ్రు మట్టి పొడిలా ఉంటే, పట్టాల లోపలి వైపు తుప్పు సమానంగా పట్టి ఉంటే, అది నీళ్లలో ఉన్నదే. ముక్కు పెట్టి వాసన కూడా చూడండి. సెకండ్ హ్యాండ్‌లో మీరు ఫ్రేమునే కొంటున్నట్టు లెక్క వేసుకోండి. స్పాంజి ఎలా ఉన్నా మార్పించాల్సిందే. అందువల్ల మొత్తం ఖర్చు మీ ఫ్రేము బాగుచేయించుకుని కట్టించిన దానికన్నా ఎక్కువే అవుతుంది.

కంపెనీ కొత్త సీటు దొరికితే మంచిదే, ఇంకా తయారవుతున్న మోడల్ అయితే దొరుకుతుంది. ఆపేసిన మోడల్‌కు దొరకడం కష్టం, దానికోసం తిరిగే రోజులు కూడా లెక్కేసుకోండి.

కారు సీట్లు

కుర్రాళ్లు కొందరు బెంచి తీసేసి కారు సీట్లు రెండు పెట్టించుకుంటున్నారు. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. నేను వద్దంటాను. కారు సీటు కాళ్లు కురచ, పికప్ ఫ్లోరు మీద సరైన ఎత్తు రావాలంటే కింద ఇనుప పెట్టె వెల్డింగ్ చేయాలి. గట్టిగా బ్రేకు పడినప్పుడు మనిషి బరువంతా ఆ వెల్డింగ్ మీదే పడుతుంది. పైగా మీ బండికి ఎన్ని సీట్లో ఆర్‌సీలో రాసి ఉంటుంది. ఆర్‌సీలో ఉన్న వివరాలకు భిన్నంగా బండిని మార్చడం మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఒప్పుకోదు. ఎనిమిదేళ్లు దాటిన ట్రాన్స్‌పోర్టు బండిని ఏటా ఎఫ్‌సీకి, అంటే ఫిట్‌నెస్ పరీక్షకు, తీసుకెళ్లాలి కదా, అక్కడ తలుపు తీయగానే ముందు కనిపించేది సీటే. ఉన్న సీటుకు స్పాంజి, గుడ్డ మార్చుకుంటే ఆ చిక్కేమీ లేదు.

సీటు బెల్టు కూడా అప్పుడే చూసుకోండి. సీటు తీసి ఉన్నప్పుడు బెల్టు బోల్టు, బకిల్ చేతికి బాగా అందుతాయి. బెల్టు అంచు పీచు లేచినా, లాగి వదిలితే వెనక్కి పోకపోయినా మార్పించండి. కొత్త కుషన్ లావెక్కి బకిల్‌ను మింగేయకుండా అక్కడ గుడ్డ కోసి దారి వదలమని మేస్త్రికి చెప్పండి. బెల్టు లేకుండా దొరికితే 194బీ సెక్షన్ కింద వెయ్యి రూపాయల జరిమానా. అది కట్టేయొచ్చు. హైవే మీద ప్రమాదం జరిగితే ఆ నష్టాన్ని ఎవరూ కట్టలేరు.

బేరం

మాకు మూడోసారి అయిన బిల్లు ఇదీ: స్పాంజి, రీబాండెడ్ కలిపి 3,200, ఆర్ట్ లెదర్ అయిదు మీటర్లకు 2,900, కుట్టు కూలి 2,500, స్ప్రింగులు, వెల్డింగ్, రంగు కలిపి 600. మొత్తం 9,200. మీ ఊళ్లో, ఇప్పుడు, ఈ అంకెలు మారతాయి. కానీ ఇలా నాలుగు భాగాలుగా విడగొట్టి రాయించుకోండి. "మొత్తం ఇంత" అని చెప్పే బేరంలో తగ్గించమంటే వాళ్లు తగ్గించేది స్పాంజినే, అది పైకి కనిపించదు గనక. రెగ్జిన్ సాధారణంగా 54 అంగుళాల వెడల్పుతో వస్తుంది, డ్రైవర్ సీటు, బెంచి రెండింటికీ అయిదు మీటర్ల దగ్గర పడుతుంది. ఎనిమిది మీటర్లు అంటే ఎందుకో అడగండి.

బండి ఇంకా అయిదేళ్లు తిప్పుతాం అనుకుంటే మొత్తం కుషన్ కట్టించండి. ఒకేసారి అంత పెట్టలేకపోతే డ్రైవర్ సీటు ఒక్కటే పూర్తిగా చేయించి, బెంచిని ఆరు నెలల తర్వాత చేయించండి. రెండింటికీ అర్ధమర్ధం చేయించడం మాత్రం వద్దు. ఏడాది రెండేళ్లలో తుక్కుకు వేసే బండి అయితే తెగిన స్ప్రింగు మార్పించి, డ్రైవర్ కింద ఒక అంగుళం రీబాండెడ్ దూర్పించి, చవక కవరుతో సర్దుకోండి. అందులో నామోషీ ఏమీ లేదు.

పనికి రెండు రోజులు పడుతుంది. కార్తీకంలో వానలు పట్టుకోకముందే చేయించుకుంటే గుడ్డ బాగా బిగుస్తుంది. కుట్టిన తొడుగును కాసేపు ఎండలో పరిచి, మెత్తబడ్డాక లాగి తొడుగుతారు. మబ్బు రోజున అది కుదరక, వదులుగానే తొడిగేస్తారు. సీటు బిగించి తెచ్చుకున్నాక రెండు వందల కిలోమీటర్లు తిరిగి, మళ్లీ స్పానర్ పట్టుకుని నాలుగు బోల్టులూ చూడండి. మా బండికి ఒకటి అరచుట్టు వదులైంది.